అత్తగారి పటానికి లైటు

సంజీవరావు నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. బెజవాడ ఆఫీసులో ఎత్తుబల్ల ముందు నిలబడి, డెల్టాలో ఏ కాలువ ఎక్కడ వంపు తిరిగిందో, ఏ లాకుకు ఎన్ని తలుపులున్నాయో స్కేలు పెట్టి గీయడం అతని పని. ఆ పని చేసీ చేసీ, లోకంలో ఎక్కడ వంకర కనిపించినా సహించలేని స్థితికి వచ్చాడు. ఎవరింటికైనా వెళితే కుర్చీలో కూర్చోకముందే గోడమీది క్యాలెండరు సరిచేసేవాడు. ఒక ఆదివారం చర్చిలో, బల్లమీది పూలకుండీ కాస్త పక్కకి ఉందని ప్రసంగం మధ్యలో లేచి వెళ్లి జరిపి వచ్చాడు. పాస్టరుగారు ఆగి, "ఇక చెప్పమంటారా సంజీవరావుగారూ?" అని అడిగారు. "చెప్పండి" అన్నాడు అతను, ఎంతో మర్యాదగా.

పటమటలో అతనిది చిన్న పెంకుటిల్లు. భార్య హన్నా మునిసిపల్ బడిలో టీచరు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క లోపం హాలు. తూర్పు కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ లేచింది. పడమర వైపు వంటిల్లు. మిట్టమధ్యాహ్నం కూడా హాల్లో పేపరు చదవాలంటే గుమ్మంలోకి వచ్చి నిలబడాలి. హాలు మధ్యలో వేలాడే బల్బు ఒకటి ఉండేది గానీ, అది తను ఉన్నచోటు చూపించడానికి తప్ప మరి దేనికీ పనికివచ్చేది కాదు.

హన్నా తల్లి సంపూర్ణమ్మ హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో ఉండేది. భర్త పోయినప్పటినుంచి పొలం పనులు తనే దగ్గరుండి చేయించుకుంటూ వచ్చిన మనిషి. గొంతు కూడా పొలానికి తగ్గట్టే ఉండేది, ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ చివరన ఉన్న కూలీలు లేచి నిలబడేవాళ్లు. పంతొమ్మిది వందల డెబ్బై ఐదు చలికాలంలో కూతురింటికి వచ్చి, హాల్లో గోడకి వేలాడుతున్న వియ్యంకుడి పటాన్ని దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది.

"పాపం, ఈయన పోయాక కదా కట్టించారు ఈ పటం?" అంది.

"అవునండీ అత్తయ్యగారూ" అన్నాడు సంజీవరావు.

"చెవులు పెద్దవిగా వేశాడు. ఆయనుంటే ఊరుకునేవాడా? నా పటం మాత్రం నేనుండగానే కట్టించండి. బాగోకపోతే చెప్పటానికి నేనుంటాను."

ఈ వాదనలో సంజీవరావుకు ఎక్కడా వంకర కనిపించలేదు. పటం వేయించాల్సిందే అనుకున్నాడు.

సంపూర్ణమ్మ ఫొటో విడిగా లేదు. ఉన్నదల్లా సంజీవరావు, హన్నాల పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటో. దాన్ని తీసుకుని గాంధీనగరంలో రత్తయ్య దగ్గరికి వెళ్లాడు. రత్తయ్య సినిమా హాళ్లకు పెద్ద పెద్ద బొమ్మలు వేసే పెయింటరు. గుడ్డను నేలమీద పరిచి, హీరో బుగ్గ మీద నిలబడి హీరో ముక్కుకు రంగు వేస్తున్నాడు ఆ సమయంలో. ఫొటో అందుకుని వెలుతురుకు పట్టుకున్నాడు.

"చాలామంది ఉన్నారుగదండీ ఇందులో. మీ అత్తగారెవరు?"

"కుర్చీల్లో ఇద్దరాడవాళ్లు పక్కపక్కనే కూర్చున్నారు చూడండి. అక్కాచెల్లెళ్లు. అందులో ఎడంపక్క ఆవిడ."

"ఎడంపక్క ఆవిడ" అని రత్తయ్య తలూపాడు. "చీర ఏం రంగండీ?"

"నాకు గుర్తులేదు."

"అయితే చిలకాకుపచ్చ వేస్తాను. జనానికి నచ్చుద్ది."

పటం తయారై రిక్షాలో వచ్చినప్పుడు పటమట బజారంతా ఆగి చూసింది. నిలువెత్తు కాకపోయినా, రిక్షాలో మనిషి కూర్చునే చోటంతా అదే ఆక్రమించింది. గులాబీ రంగు బుగ్గలు, గడ్డం కింద ఆకుపచ్చ నీడ, జుట్టు మీద నీలం మెరుపు. ఏ సినిమా, ఏ హాల్లో ఆడుతోంది అని ఇద్దరు ముగ్గురు రిక్షా వెంట నడిచారు.

వెంట వచ్చిన రత్తయ్య పటాన్ని గోడకి తగిలించి, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటి, వరండా దాటి, రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. "ఇక్కణ్ణించి చూడండి! ప్రాణం లేచొస్తుంది!" అని అక్కణ్ణించే కేకేశాడు. సంజీవరావు, హన్నా కూడా వెళ్లి నిలబడ్డారు. రోడ్డు మీదనుంచి చూస్తే చీకటి హాలు మాత్రమే కనిపించింది. లోపలికి వచ్చి చూస్తే గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు మసకగా కనిపించాయి.

"అమ్మలాగే ఉంది. కానీ..." అంది హన్నా.

"కానీ?"

"ఏమోనండీ. చీకట్లో అంతకంటే తెలీట్లేదు."

వేసవిలో సంపూర్ణమ్మ శుక్లాల ఆపరేషన్ కోసం వచ్చింది. అప్పటికే ఉన్న పొర రెండు కళ్లలోనూ బాగా ముదిరి, మనుషులను గొంతుతో గుర్తుపడుతోంది. అయినా వచ్చీ రాగానే పటం ముందుకు వెళ్లి నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక అడుగు ముందుకు వేసింది, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరో కూర్చున్నట్టు ఉంది. దొంగతనానికొచ్చి మూలన నక్కినట్టు ఉంది. దీనికో లైటు పెట్టించరాదా అల్లుడుగారూ? ఆపరేషనయ్యి కళ్లద్దాలు వచ్చేసరికి పెట్టిస్తే, మొట్టమొదట నా మొహమే చూసుకుంటాను."

అలా మొదలైంది. అప్పటిదాకా కాలువలు గీసిన సంజీవరావు ఆ రోజునుంచి వెలుతురు గీయడం మొదలుపెట్టాడు. హాలుకు ప్లాను గీశాడు. అందులో పటాన్ని, గుమ్మాన్ని, చూసేవాళ్లు కూర్చునే కుర్చీలను గుర్తించాడు. కుర్చీలోంచి పటానికి గీతలు లాగాడు.

ఈ సంగతి పక్కింటి అచ్యుతరామారావుకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. తూర్పు కిటికీకి అడ్డంగా లేచిన గోడ ఆయనదే కాబట్టి, హాల్లో వెలుతురు గురించి మాట్లాడే హక్కు తనకుందని ఆయన నమ్మకం.

"కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందండీ సంజీవరావుగారూ. అందుచేత బల్బు పటానికి సరిగ్గా పైన ఉండాలి."

పటానికి సరిగ్గా పైన బల్బు పెట్టించారు. స్విచ్చి వేయగానే, మందంగా పెట్టిన ముక్కు రంగు నీడ పెదవి మీద పడి, పటంలో ఆవిడకు దట్టమైన మీసాలొచ్చాయి. అంతే కాదు, రత్తయ్య పూసిన వార్నిషు మీద బల్బు మెరిసి, నుదుటి మీద ఇంకో బల్బు వెలిగింది. ఆ మెరుపు తప్పించుకుని చూడాలంటే మోకాళ్లమీద కూర్చుని తల పక్కకి వంచాలి. అచ్యుతరామారావు అలాగే కూర్చుని, వంచి చూసి, "ఇక్కణ్ణించి చక్కగా ఉంది" అన్నాడు.

"వచ్చినవాళ్లందర్నీ మోకాళ్లమీద కూర్చోబెడతామా? ఇదేమన్నా చర్చా?" అంది హన్నా.

బల్బు తీసేసి ట్యూబులైటు పెట్టించారు. ఆ వీధిలో ట్యూబులైటు ఉన్న ఇళ్లు తక్కువ, కాబట్టి స్విచ్చి వేయడం చూడటానికి నలుగురు వచ్చారు. లైటు మూడు నాలుగుసార్లు కొట్టుకుని వెలిగింది. గులాబీ బుగ్గలు బూడిదరంగుకు తిరిగాయి. గడ్డం కింది ఆకుపచ్చ నీడ మాత్రం విజృంభించి చెంపలదాకా పాకింది. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన ఆదెమ్మ గుమ్మంలోనే చెంబు దించేసి, "అయ్యో! అమ్మగారికి కామెర్లా? నేలుసిరి నూరి మింగించండమ్మా, తగ్గుద్ది" అని సానుభూతి చూపింది.

ఇక పైనుంచి లాభం లేదని, ముక్కాలిపీట మీద బల్బు పెట్టి కిందినుంచి వెలుతురు పంపించాడు సంజీవరావు. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక ఉంది. సంపూర్ణమ్మ ఆపరేషన్ కోసం ప్రార్థన చేయడానికి పాస్టరుగారి భార్య అమలమ్మ వచ్చింది. కళ్లు మూసుకుని మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో ఒక్క క్షణం తెరిచింది. ఎదురుగా గోడమీద కనుబొమలు నుదుటిదాకా సాగి, ముక్కుపుటాలు ఎర్రగా మండుతూ ఒక ముఖం ఆమెనే చూస్తోంది. అమలమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ప్రార్థనలో దుష్టశక్తులను పేరుపేరునా బయటికి పంపించింది. ఆ రోజు కూడిక ఎప్పటికంటే చాలా ఆలస్యంగా ముగిసింది.

"ఎంత బాగా చేసిందో ప్రార్థన!" అంది సంపూర్ణమ్మ, ఏమీ కనిపించని సంతోషంతో.

ఆపరేషన్ బాగానే జరిగింది. కళ్లకు కట్టు కట్టి, కదలకుండా పడుకోమన్నారు. సంపూర్ణమ్మను లోపలిగదిలో పడుకోబెట్టారు. కదలకుండా ఉండటం ఆవిడ జీవితంలో ఎప్పుడూ చేయని పని. కళ్లు లేకపోయేసరికి ఉన్న శక్తంతా చెవుల్లోకి వచ్చింది. హాల్లో మేకులు కొట్టడం, నిచ్చెన జరపడం, స్విచ్చి టకటకమనడం వింటూ, చూడవచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది: "కొడుకైనా ఇట్టా చెయ్యడమ్మా. ఆఫీసునించి రావటం, నా పటానికి లైటు సరిచెయ్యటం. టీ కూడా తాగడు."

సంజీవరావుకు ఆఖరికి తన పనిముట్టే గుర్తొచ్చింది. ఇంట్లో బొమ్మలు గీసుకునే బల్లకు బిగించిన పాత లైటు ఒకటి ఉంది. మెడ ఎటు కావాలంటే అటు వంగుతుంది. దాన్ని ఊడదీసి, పటానికి పక్కగా, కాస్త ఎత్తులో గోడకి బిగించాడు. మూలమట్టం పెట్టి కోణం చూసుకున్నాడు. వెలుతురు గుచ్చుకోకుండా లైటు మూతికి ట్రేసింగు కాగితం చుట్టాడు. తర్వాత హాల్లో మిగతా లైట్లన్నీ ఆర్పి, స్విచ్చి వేశాడు.

పటం గోడలోంచి ఇవతలికి వచ్చినట్టు అయింది. బుగ్గలు బుగ్గల్లా ఉన్నాయి. ఆకుపచ్చ నీడ మామూలు నీడ అయిపోయింది. కళ్లలో తడి, పెదవి చివర ఏదో ఎగతాళి మాట అనబోయి ఆపుకున్నట్టు చిన్న నవ్వు. చిలకాకుపచ్చ చీరకు కూడా ఒక మర్యాద వచ్చింది. మీసాలు లేవు, మెరుపులు లేవు. సంజీవరావు వెనక్కి నడిచి కుర్చీలో కూర్చున్నాడు. తను గీసిన ఏ కాలువనూ అంత తృప్తిగా చూసుకోలేదు.

"హన్నా! ఒకసారి ఇట్రా!"

హన్నా వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పటాన్ని చూసి ఆగిపోయింది. తుడుచుకుంటున్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏవండీ... ఇది దానమ్మ పిన్నండీ!"

"ఏంటీ?"

"గట్టిగా అరవకండి, అమ్మ వింటుంది! ఆ గడ్డం మీద పుట్టుమచ్చ చూడండి. అమ్మకి పుట్టుమచ్చ ఎక్కడుంది? ఆ నవ్వు చూడండి. అమ్మ ఎప్పుడన్నా అట్టా నవ్వటం చూశారా? అమ్మ నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది."

సంజీవరావు గబగబా వెళ్లి గ్రూపు ఫొటో తెచ్చాడు. కూర్చున్న ఇద్దరినీ చూశాడు. జరిగిందేమిటో అర్థమైంది. నీటిపారుదల శాఖలో ఎడమగట్టు అంటే, కాలువ పారే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపు ఉండే గట్టు. ఆ లెక్కన, ఫొటోలో మనుషులు ఎటు చూస్తున్నారో అటు తిరిగితే వాళ్ల ఎడమచేతి వైపు కూర్చున్నది సంపూర్ణమ్మ. రత్తయ్య ఎన్నడూ కాలువ గీసినవాడు కాదు. ఫొటో ఎదురుగా పెట్టుకుని తన ఎడమచేతి వైపు ఎవరున్నారో చూసుకున్నాడు. అక్కడ దానమ్మ ఉంది.

"నేను చెప్పింది సరిగ్గానే చెప్పాను" అన్నాడు సంజీవరావు నీరసంగా.

మరొకరి పటమైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లు. దానమ్మ పటం కావడంతోనే వచ్చింది చిక్కు. దానమ్మ సంపూర్ణమ్మకు సొంత చెల్లెలు. కూచిపూడి దాటాక మొవ్వలో ఉంటుంది. ఫొటో పెళ్లి భోజనాలకు ముందు తీశారు కాబట్టి అక్కాచెల్లెళ్లు అందులో భుజాలు తగిలించుకుని కూర్చున్నారు. భోజనాల దగ్గర దానమ్మ పాస్టరుగారితో, "మా అక్క చేతికి అన్నీ గుర్తుంటాయండీ, ఒక్క ఉప్పు తప్ప" అంది. నవ్వులాటకే అంది. ఆ వంట సంపూర్ణమ్మ స్వయంగా, రాత్రంతా నిలబడి చేయించిన వంట. ఆ పూటనుంచి ఆవిడ చెల్లెలితో మాట్లాడలేదు. ఆ పేరు ఎవరన్నా ఎత్తితే, "దానమ్మా? ఎవరావిడ?" అని అడిగేది.

రత్తయ్యను పిలిపించి సరిచేయిద్దామంటే, అతను రాజమండ్రిలో కొత్త హాలుకు బొమ్మలు వేయడానికి వెళ్లాడు, ఎప్పుడొస్తాడో తెలీదన్నారు. పటం తీసి దాచేద్దామంటే, కళ్లద్దాలు రాగానే మొట్టమొదట చూసేది అదేనని సంపూర్ణమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పి ఉంది. కొందరు ఆ రోజుకు వస్తామని కూడా అన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. పటంలో ఉన్నది దానమ్మని తెలియకుండా, సంపూర్ణమ్మ అనిపించేటంత వెలుతురు మాత్రమే ఇచ్చే లైటు వెతకాలి. ఇన్నాళ్లూ పటాన్ని చూపించడానికి పడిన పాట్లకు రెట్టింపు, ఇప్పుడు చూపించకుండా ఉండటానికి పడ్డాడు సంజీవరావు. ఫొటో స్టూడియో చీకటిగదిలో పెట్టే ఎర్రబల్బు తెచ్చి పెట్టాడు. పుట్టుమచ్చ మాయమైంది గానీ, దానితోపాటు పెదవులు, బుగ్గలు కూడా మాయమై రెండు కళ్లు మిగిలాయి. క్రిస్మసు నక్షత్రంలో పెట్టే పసుపు బల్బు పెట్టాడు. పుట్టుమచ్చ రెండింతలైంది. ట్యూబులైటు పెడితే మనిషి ఎవరో తెలియడం లేదు గానీ, ఎక్కువకాలం బతకదని తెలుస్తోంది.

"ఆపరేషనయ్యి వచ్చిన మనిషికి ఆ మొహం చూపిస్తారా?" అంది హన్నా.

చివరకు పడకగదిలో పెట్టుకునే నీలం జీరో బల్బు దగ్గర ఆగాడు. అందులో చూస్తే చంద్రకాంతిలో ఎవరో పెద్దావిడ కూర్చున్నట్టుంది. హన్నా ఒక కన్ను మూసి చూసింది, రెండో కన్ను మూసి చూసింది.

"ఇందులో అయితే అమ్మయినా అవ్వచ్చు. నేనైనా అవ్వచ్చు" అంది.

పక్కకి బిగించిన బల్లలైటును కూడా ఊడదీయాల్సింది. కానీ ఆ కోణం కుదరడానికి పడిన కష్టం గుర్తొచ్చి సంజీవరావుకు చెయ్యి రాలేదు. స్విచ్చి ఎలాగూ తన చేతిలోదే కదా అనుకున్నాడు.

కళ్లద్దాలు వచ్చిన రోజు సాయంత్రం హాలు నిండింది. అమలమ్మ వచ్చింది. పాలు పోసే ఆదెమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. అచ్యుతరామారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. సంపూర్ణమ్మ సీసా అడుగంత మందం ఉన్న కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క మనిషినీ చూసి ఆశ్చర్యపోతూ వచ్చింది. "హన్నా, ఇంత నల్లబడ్డావేంటే?" అంది. "అల్లుడుగారూ, మీకు తల నెరిసిందని ఒక్కళ్లన్నా చెప్పలేదే!" అంది. తర్వాత పటం ముందు వేసిన కుర్చీలో కూర్చుంది.

సంజీవరావు నీలం బల్బు వేశాడు. సంపూర్ణమ్మ ముందుకు వంగి చూసింది.

"ఇదేంటయ్యా? గుడ్డలకి నీలిమందు పెట్టినట్టుంది. వేరే లైటు లేదా?"

"కళ్లకు కొత్తకదండీ అత్తయ్యగారూ, ఎక్కువ వెలుతురు మంచిది కాదని..."

"డాక్టరు చూడమన్నాడు. సూదిలో దారం కూడా ఎక్కించుకోవచ్చన్నాడు."

అచ్యుతరామారావు ఇక ఆగలేకపోయాడు. "అదేంటండీ సంజీవరావుగారూ! ఆ బ్రహ్మాండమైన బల్లలైటు ఉంచుకుని ఇదెందుకు? నేను గోడమీదనుంచి రోజూ చూస్తూనే ఉన్నాను, అసలు లైటంటే అదీ!" అంటూ లేచి, సంజీవరావు రెండడుగులు వేసేలోగా స్విచ్చి నొక్కేశాడు.

దానమ్మ గోడలోంచి ఇవతలికి వచ్చి అక్కను చూసి, ఎగతాళి మాట ఆపుకుని నవ్వింది.

సంపూర్ణమ్మ లేచింది. పటానికి దగ్గరగా వెళ్లింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. 

"ఇది దానమ్మ" అంది.

"పొరపాటు నాదేనండీ. ఎడమగట్టు..." అని మొదలుపెట్టాడు సంజీవరావు.

"నేను కళ్లకి గంతలు కట్టుకుని పడుకుంటే, రోజూ ఈ మేకులూ నిచ్చెనలూ దీనికోసమా? టీ మానేసింది దీనికోసమా?" గొంతు పొలం ఆ చివరిదాకా వెళ్లేంతగా లేచింది. "ఎర్రలైటూ, పచ్చలైటూ, నీలంలైటూ! నా జన్మలో నాకొక్కడు ఒక్క లైటు పెట్టాడా?"

అమలమ్మ కళ్లు మూసుకుంది. ఆదెమ్మ చెంబు తీసుకుని మెల్లగా మెట్లు దిగింది. అచ్యుతరామారావు స్విచ్చి దగ్గరే నిలబడి, ఆర్పాలా ఉంచాలా తెలియక హన్నా వైపు చూశాడు. హన్నా చెయ్యి ఊపింది. ఆయన ఆర్పబోయాడు.

"ఆర్పకండి!" అంది సంపూర్ణమ్మ. "వచ్చింది కదా, ఉండనివ్వండి. దీంతో నాకు మాట్లాడే పని ఉంది."

మర్నాటినుంచి సంపూర్ణమ్మ పొద్దున్నే కాఫీ తాగి, బల్లలైటు వేయించుకుని, పటం ముందు కూర్చుని చెల్లెల్ని తిట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడు మిగిలిపోయాయో తెలియని పాత తిట్లన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు తన రిబ్బను కాలువలో పడేసిన సంగతి. అమ్మ పోయినప్పుడు ఒకరోజు ఆలస్యంగా వచ్చిన సంగతి. చివర్లో ప్రతిరోజూ ఉప్పు. "చెప్పు, నీ నోటితో చెప్పు. ఆ కూరలో ఉప్పు లేదా? పాస్టరుగారు రెండోసారి వేయించుకున్నారా లేదా?" సంజీవరావు చెప్పులు చేతిలో పట్టుకుని హాలు దాటి ఆఫీసుకు వెళ్లేవాడు.

కొన్నాళ్లకు తిట్లు పలచబడ్డాయి. మధ్య మధ్యలో ఆగి పటాన్ని చూస్తూ కూర్చునేది. ఒకరోజు సంజీవరావు ఆఫీసునుంచి వచ్చేసరికి ఆవిడ చిరాగ్గా ఉంది.

"ఎంతన్నా పలకదయ్యా ఇది. నవ్వుతూ కూర్చుంటుంది. నాకు పలికేదాన్ని తెచ్చిపెట్టండి."

"అంటే?"

"మొవ్వకి బస్సు లేదా ఏమిటి?"

ఆదివారం ఆరాధన అవగానే సంజీవరావు బయల్దేరాడు. దానమ్మ పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. భర్త ఆమోసు రిటైరైన బడిపంతులు, నీడలో కూర్చుని కాకులను తోలుతున్నాడు. సంజీవరావు మంచినీళ్లు తాగి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మా ఇంట్లో మీ పటం ఒకటి పెట్టామండీ చిన్నత్తయ్యగారూ" అన్నాడు.

"నా పటమా! నేను బతికే ఉన్నానుగా?"

"ఊరికే పెట్టామండీ. అత్తయ్యగారు రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చుంటున్నారు."

దానమ్మ చేతిలో మిరపకాయలు జారిపోయాయి. "అక్కా? నా పటం ముందా?"

"లైటు కూడా పెట్టించానండీ. చాలా రకాలు చూసి పెట్టించాను."

దానమ్మ ఏడవడం మొదలుపెట్టింది. పూలకుండీ కాస్త పక్కకి ఉంటే ఓర్చుకోలేని మనిషి, ఆవిడ అర్థం చేసుకున్నదాన్ని సరిచేయకుండా అలాగే వదిలేశాడు. ఆమోసు మాత్రం, "వెళ్లిరా. మిరపకాయలు నేను చూసుకుంటాలే" అన్నాడు.

సాయంత్రానికి దానమ్మ పటమట ఇంట్లో అడుగుపెట్టింది. సంపూర్ణమ్మ కుర్చీలోంచి లేవలేదు. మందపాటి కళ్లద్దాల్లోంచి చెల్లెల్ని చూసింది, పటాన్ని చూసింది, మళ్లీ చెల్లెల్ని చూసింది.

"ఏంటే, ఇట్టా అయిపోయావు? పళ్లేవీ?"

"నువ్వు మాత్రం? ఆ కప్పకళ్లేంటక్కా?"

అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఏడ్చారంటే, ఈలోగా హన్నా అన్నం వండడం మొదలుపెట్టి వార్చేసింది కూడా. ఏడుపు అయ్యాక దానమ్మ మొహం తుడుచుకుని, పటం దగ్గరికి వెళ్లి నిలబడింది. పైనుంచి కిందికి చూసింది.

"ఇది నేను కాదుగా" అంది.

"మరెవరు?"

"నువ్వే. ఆ కళ్లు చూడు. నాకు ఇంత మంచి కళ్లెప్పుడున్నాయి? చిన్నప్పుడు అమ్మ నీ కళ్లే కదా అందరికీ చెప్పుకునేది."

"ఆ నవ్వు నాదా? ఆ దొంగనవ్వు నీదే. కళ్లద్దాలు నాకొచ్చాయి, నాకు తెలీదా?"

"నేను చెప్తున్నాగా, నువ్వే!"

"గడ్డం మీద పుట్టుమచ్చ కనిపించట్లా?"

"పుట్టుమచ్చా? రంగు చుక్క పడింది" అని దానమ్మ చెయ్యి చాచి, సంజీవరావు అడ్డుపడేలోగా గోటితో గీకేసింది. రత్తయ్య మందంగా పెట్టిన నల్లరంగు పెళ్లలా ఊడి నేలమీద పడింది. సంజీవరావు ప్రాణం అక్కడే ఉసూరుమంది.

గోడమీదనుంచి చూస్తున్న అచ్యుతరామారావు, "ఏటవాలుగా పడే కాంతిలో పోలికలు మారతాయమ్మా, అందుచేత ఇద్దరూ..." అని ఏదో చెప్పబోయాడు.

"మీరూరుకోండి బాబూ!" అన్నారు అక్కాచెల్లెళ్లు ఒక్క గొంతుతో. అచ్యుతరామారావు తల గోడ అవతలికి దిగిపోయింది.

దానమ్మ వర్షాలు మొదలయ్యేదాకా ఉండిపోయింది. ఆ పటం ఎవరిదన్నది తేలలేదు. వచ్చినవాళ్లలో సగంమంది అక్కగారన్నారు, సగంమంది చెల్లెలన్నారు. రాజమండ్రినుంచి తిరిగొచ్చిన రత్తయ్యను పిలిచి అడిగితే, అతను రోడ్డు మీదికి వెళ్లి నిలబడి చూసి, "నేను వేసిందే. బాగా వచ్చింది" అన్నాడు, అంతకుమించి చెప్పలేకపోయాడు. కాకపోతే సంజీవరావు పెట్టిన లైటు సంగతి పటమట అంతా పాకింది. ఎవరింట్లో పటం కట్టినా లైటు ఎక్కడ పెట్టాలో చెప్పమని పిలిచేవాళ్లు. అతను మూలమట్టం తీసుకుని వెళ్లి, ఇంట్లో పెద్దవాళ్లను పిలిపించి, పటంలో ఉన్నది ఎవరో వాళ్లచేత పైకి చెప్పించుకున్నాకే నిచ్చెన ఎక్కేవాడు.

దానమ్మ మొవ్వకు తిరిగి వెళ్లే రోజు సంపూర్ణమ్మ కూడా సంచి సర్దుకుంది. "నాలుగు రోజులు ఉండొస్తాను. ఆమోసుని చూసి ఎన్నాళ్లయిందో" అంది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఎక్కించడానికి సంజీవరావు వెళ్లాడు. సంచులు పైకి అందించేసరికి లోపల అప్పుడే గొడవ మొదలైంది.

"కిటికీ పక్క నేను కూర్చుంటాను. నాకు గాలాడదు" అంటోంది దానమ్మ.

"గాలి ఎక్కడైనా ఆడుద్ది. నాకు కొత్తగా కళ్లొచ్చాయి, నేను చూసుకోవాలి."

దానమ్మ అక్క కళ్లద్దాల వైపు ఒకసారి చూసింది. లేచి సీటు ఇచ్చింది. బస్సు కదిలి బందరు రోడ్డు పట్టింది. సంజీవరావు చూస్తూ నిలబడ్డాడు. కిటికీలోంచి సంపూర్ణమ్మ చెయ్యి బయటికొచ్చి కాలువ వైపు చూపించింది. అదేంటే, అవతల తెల్లగా ఎగిరేది ఏంటే అని అడుగుతున్న గొంతు బస్సు చప్పుడులో కూడా చాలాదూరం వినిపించింది.